మూత తీయకుండా

సరస్సు మధ్యలో ఒక మనిషి మునుగుతూ తేలుతూ చేతులూపుతుంటే, కాపాడటానికి వెళ్లిన వాటర్ స్కూటర్ సగం దూరంలో ఆగిపోయింది. చేపల పడవవాడు అటుగా రాబట్టి ఆ మనిషి బతికాడు. ఇంజన్ చచ్చిపోయిందన్నాడు బండి నడిపినవాడు. చచ్చింది ఇంజన్ కాదు, వాడి ధైర్యం అన్నారు ఒడ్డున నిలబడి చూసినవాళ్లు. ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఎప్పుడూ అన్నీ తెలుస్తాయి.

బండిని ఒడ్డుకు లాక్కొచ్చాక, అరగంటకు సూపర్‌వైజర్ వచ్చాడు. టాంకు మూత తీసి పెట్రోలు చూశాడు, మూత పెట్టాడు, బటన్ నొక్కాడు. బండి ఒక్క నొక్కుకే గుర్రుమంది. "ఏదయ్యా చచ్చింది?" అన్నాడు అందరికీ వినపడేలా.

ఎక్కడో వాడి పారేసిన పద్దెనిమిదేళ్ల బండిని తెచ్చి, దీంతో ప్రాణాలు కాపాడమని ఇచ్చిన పెద్దలను ఎవరూ ఏమీ అడగలేదు. పన్నెండేళ్లు ఆ నీళ్లలో ఒళ్లు నానబెట్టుకున్న మనిషిని మాత్రం తీసుకెళ్లి టికెట్ల గదిలో కూర్చోబెట్టారు. సోమవారం పది గంటలకు విచారణ. అక్కడ తేలకపోతే ఇక బతుకంతా ఆ కిటికీ వెనకే.

బండి నడిపిన ఆ మనిషి చెల్లెలు స్కూటర్ మెకానిక్. అందరూ స్పానరమ్మ అంటారు. ఆమెకు పని ఎవరూ నేర్పలేదు. విప్పి, బిగించి, చేతిలో మిగిలిపోయిన నట్టు ఎక్కడిదో వెతుక్కుంటూ నేర్చుకుంది. సరస్సు ఆఫీసుకు మెకానిక్ లేడు గనక ఏడాదిగా ఆ నీటి బండిని కూడా ఆమే ఊరికే చూసిపెడుతోంది. శనివారం పొద్దున్నే షెడ్డు తాళం తీయించుకుని లోపలికి వెళ్లింది. అన్న గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"రా అన్నయ్యా, అదేం కరవదు."

"నువ్వు చూడవే. నేను ముట్టుకుంటే ఏదో చేశానంటారు."

"ఇప్పుడు అంటున్నది తక్కువా ఏంటి?"

ప్లగ్గులు విప్పి చూసింది. నిప్పు బాగానే పడుతోంది. కార్బురేటర్ ఊడదీసింది. స్కూటర్‌కైతే దాని అడుగున చిన్న గిన్నె ఉంటుంది, పెట్రోలు అందులో నిలుస్తుంది. దీనికి గిన్నె లేదు. పల్చటి పొర ఒకటి ఇంజన్ ఊపిరికి కొట్టుకుంటూ టాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. ఆ పొర వెనక గోరంత జల్లెడ ఉంది. దానికి పచ్చటి పసరు పట్టుకుని ఉంది, పాత రబ్బరు పైపులు లోపల్లోపలే కరిగి చేరిన పసరు.

"దొరికావురా దొంగా!" అని గోటితో గీకి ఒక సీసాలో వేసింది. పెట్రోలు పైపులు మార్చింది, పొర మార్చింది, జల్లెడ కడిగింది. సాయంత్రానికి అంతా బిగించి, టాంకు మూత తీసి పెట్రోలు చూసుకుని, మూత పెట్టి బటన్ నొక్కింది. బండి పలికింది.

"ఇదే అన్నయ్యా! పెట్రోలు అందక చచ్చింది. సీసా తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెడదాం."

అన్న నవ్వలేదు. "మరి ఆ రోజు ఆయన నొక్కితే ఎందుకు పలికింది? అరగంటలో పసరు కరిగిపోయిందా?"

"నువ్వు నా పక్షమా, వాళ్ల పక్షమా?"

"సోమవారం అడుగుతారు గదా. నేను ముందే అడుగుతున్నా."

స్పానరమ్మకు ఒళ్లు మండిపోయింది, ప్రశ్న సరైనది కాబట్టి.

ఆదివారం ఇద్దరూ బండిని నీళ్లలోకి దింపి, ముందూ వెనకా తాళ్లతో రేవు గుంజలకు కట్టారు. కట్టేస్తే ఎంత గట్టిగా నడిపినా ఎక్కడికీ పోదు, ఇంజన్‌కు బరువు మాత్రం తెలుస్తుంది.

"ఆ రోజు మొదటి నుంచీ చెప్పు. ఒక్కటీ వదలకు."

"పొద్దున టాంకు నిండా పోయించి, సరస్సు ఓ చుట్టు తిరిగొచ్చి కట్టేశాను. మధ్యాహ్నం విజిల్ వినపడింది. ఎక్కాను, నొక్కాను, పోయాను."

"మూత తీసి చూడలేదా?"

"మనిషి మునిగిపోతుంటే మూత తీసి చూస్తారటే? బుర్ర ఉందా నీకు?"

స్పానరమ్మ చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. సూపర్‌వైజర్ మూత తీశాడు. తనూ తీసింది. ఆగిన బండి ఏది చూసినా మొదట చెయ్యి పోయేది మూత మీదికే. తియ్యనివాడు అన్న ఒక్కడే.

"నిండా పెట్రోలు పొయ్యి. గట్టిగా బిగించు. ఇక ఆ మూతని నువ్వూ ముట్టుకోవద్దు, నేనూ ముట్టుకోను."

తొమ్మిది నిమిషాలు బండి తాళ్లు తెంచుకునేలా లాగింది. తర్వాత దగ్గింది. రెండుసార్లు మూలిగి చచ్చింది. బటన్ నొక్కితే ఇంజన్ తిరుగుతోందే తప్ప అంటుకోవడం లేదు. అన్న అలవాటుగా మూత మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్!" అని చెళ్లుమనిపించింది.

ముందు కప్పు ఎత్తి చూస్తే ప్లాస్టిక్ టాంకు బుగ్గలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. పాత గుడ్డలోంచి ఒక దారప్పోగు లాగి మూత అంచున పట్టుకుని, మూతను వెంట్రుకవాసి వదులు చేసింది. బుస్సుమంది. దారం బయటికి ఎగరలేదు, లోపలికి పోయింది. టాంకు గాలి పీల్చుకుంటోంది. బుస్సు ఆగాక బటన్ నొక్కింది. బండి ఒక్క నొక్కుకే గుర్రుమంది.

అన్న నీళ్లలోనే గెంతాడు. "చచ్చింది! చూశావా? చచ్చిందని చెప్పలా నేను!"

స్పానరమ్మ గెంతలేదు. పెట్రోలు తగ్గేకొద్దీ టాంకులోకి గాలి రావాలి. దానికొక సన్న పైపు ఉంది, పైపు మధ్యలో బొటనవేలంత వాల్వు. బండి బోల్తాపడినా పెట్రోలు బయటికి పోనివ్వకుండా, గాలిని మాత్రం లోపలికి రానివ్వాలి. ఆ వాల్వును ప్రమాదానికి మూడు వారాల ముందు కొత్తగా బిగించింది తనే. రోజూ పెట్రోలు పోయడానికి మూత తీస్తూనే ఉంటారు గనక ఇన్నాళ్లూ బయటపడలేదు. స్కూటర్‌కు ఈ గొడవ లేదు, మూతకే బెజ్జం ఉంటుంది. బండి పెట్రోలు కంపు కొడుతోంది గదా, కంపు బయటికి పోవాలి గదా అని, వాల్వు మీద గాలి దారి చూపే బాణం బయటికి ఉండేలా పెట్టింది. పైపు ఊడదీసి బయటి కొసను నోట్లో పెట్టుకుని ఊదింది. గాలి పోలేదు. బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదింది.

"అన్నయ్యా, ఇది నేను తిప్పి పెట్టాను."

అన్న ఆ పైపును ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. "పాత సామాను, చెడిపోయిందని చెబుదాం. ఎలాగూ సీసాలో పసరుంది. నిజం చెబితే రేపు నీ కొట్టుకు ఎవడొస్తాడే?"

ఆ మాట అన్న అనకముందే ఆమె మనసు అనేసింది. అందుకే సిగ్గేసింది. "చెడిపోయిందంటే ఇంకోటి తెస్తారు. నాలాంటిదే ఇంకొకర్తె మళ్లీ తిప్పి పెడుతుంది. ఈసారి పడవవాడు అటు రాడు."

సోమవారం విచారణకు వచ్చిన ముగ్గురినీ రేవు మీద నిలబెట్టి, వాల్వును మళ్లీ ఆ రోజు ఉన్నట్టే పెట్టి, మూత తీయకుండా నడిపి చూపించింది. ఎనిమిదో నిమిషంలో చచ్చింది. వాల్వు సరిగ్గా తిప్పి బిగించాక ఇక చావలేదు. ఆ ముగ్గురిలో ఒకడైన సూపర్‌వైజర్ మొహం పక్కకు తిప్పుకుని, సాంకేతిక లోపం అని రాయబోయాడు.

"అలా వద్దండీ. మెకానిక్ తప్పుగా బిగించిందని రాయండి. ఆ మెకానిక్‌ని నేనే. మీకు మెకానిక్ లేడని, ఊరికే చేస్తానని నా నెత్తిన పెట్టారని కూడా రాయండి."

"అదంతా ఇప్పుడెందుకమ్మా?"

"మా అన్నయ్యని పిరికివాడని రాసేందుకు కాగితం ఉంది, దీనికి లేదా?"

ఆయన మొదటిది రాశాడు, రెండోది రాయలేదు. ఆమె కాగితం లాక్కుని, తన కోడిగీతల అక్షరాల్లో కిందనే రాసి సంతకం పెట్టింది.

మర్నాటి నుంచి అన్న మళ్లీ నీళ్లలోకి వెళ్లొచ్చన్నారు. ముగ్గురూ వెళ్లిపోయాక అన్న రేవు అంచున కూలబడ్డాడు.

"తిట్టు అన్నయ్యా. ఒక్కసారిగా తిట్టేయ్."

"ఇన్ని రోజులూ ఏమనుకున్నానో తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి. "పెట్రోలు మీట మీంచి నేనే వేలు వదిలేశానేమోనని. భయపడి. అందరూ అదే అంటుంటే నాకు నిజంగానే అలా గుర్తుకు రావడం మొదలైందే. నా వేలు మీట మీంచి పక్కకు జరిగినట్టు, కళ్లకు కట్టినట్టు."

స్పానరమ్మ పక్కన కూర్చుంది. ఊరి నోరు మూయించడానికి ఇంత చేశాననుకుంది. మనిషి ఊరిని ఎప్పుడో దాటిపోయి, తన వేలితో తానే పోట్లాడుతున్నాడు.

"వేలు జరగలేదు అన్నయ్యా."

"మళ్లీ చెప్పు."

"జరగలేదు."

అన్న మొహం తుడుచుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు. "గాడిదా! బాణం అంత బాణం కనపడలేదా? ఒక్కసారి ఊది చూస్తే నీ సొమ్మేం పోయింది?" అని, తీరిగ్గా, నోరారా, ఏదీ మిగల్చకుండా తిట్టాడు. ఆమె తలవంచుకుని చివరిదాకా విన్నది. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.