వదులుకోవడానికి పెట్టిన కోరిక

నేను పిల్లల కోసం పోరాడే మనిషిని. నా విజిటింగ్ కార్డు మీద ఇంచుమించు ఇలాగే ఉంటుంది. పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమం అనే మూడు మాటల్నీ ఒకే ఊపిరిలో, తడబడకుండా మైకు ముందు పలకడంలో నాకు పోటీ లేదు. నిజంగా పిల్లలు ఎదురైతే మాత్రం ఏం మాట్లాడాలో తోచక "ఏ క్లాసు?" అని అడుగుతాను. వాళ్ళు చెప్పాక కాసేపటికి మళ్ళీ అదే అడుగుతాను.

మా పని ఎలా ఉంటుందో చెప్పాలి. ప్రభుత్వం పిల్లల మీద కొత్త విధానం తయారు చేస్తుందనగానే మాలాంటి సంస్థలన్నీ ఒకచోట చేరి కోరికలు రాస్తాయి. అందులో చివరి కోరిక వదులుకోవడానికే పెడతాం. వాటిని వినే ప్రభుత్వ కమిటీ వాళ్ళు కూడా పైవాళ్ళకి "అడిగినవన్నీ ఒప్పుకోలేదు, గట్టిగానే బేరమాడాం" అని చెప్పుకోవాలి కదా! ఈ సంగతి బల్లకి అటువైపు వాళ్ళకీ తెలుసు, ఇటువైపు వాళ్ళకీ తెలుసు. ఎవరూ పైకి అనరు. సమయం చూసి ఆ చివరి కోరికను బరువుగా నిట్టూర్చి వదిలేసే బాధ్యత ఎప్పుడూ నాదే. ఆ నిట్టూర్పు నాలాగా ఎవరూ విడవలేరని మా వాళ్ళలో పేరుంది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకునేవాణ్ణి.

ఇక మా అక్క సంగతి. అక్క కూతురిని మేమంతా బుడంకాయ అంటాం. దానికి చిన్నప్పుడే వచ్చే రకం చక్కెర జబ్బు. మధ్యాహ్నం భోజనానికి ముందు సూది పడాలి, ఒక్కోసారి ఉన్నట్టుండి చక్కెర పడిపోతే వెంటనే చూసుకోవాలి. బడిలో ఎవరూ పిల్లలకి ఏ మందూ ఇవ్వకూడదని నిబంధన. ఇంట్లోవాళ్ళు వచ్చి ఇచ్చుకోవచ్చట, ఎంత దయో! బావ లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అందుకని అక్క పొద్దున బుడంకాయతో పాటే బడికి వెళ్ళి, సైకిళ్ళ షెడ్డు పక్కన వాచ్‌మన్ బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంటుంది. అంతకుముందు కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేసేది. అక్క చేసిన పన్నుని అసలు పన్ను పక్కన పెడితే ఏది ఏదో డాక్టరు కూడా తడుముకునేవాడు. ల్యాబు ఓనరమ్మ "వచ్చే టర్ము దాకా నీ కుర్చీ ఖాళీగా ఉంచుతా, ఆ తర్వాత నా వల్ల కాదమ్మా" అని చెప్పేసింది.

అందుకే ఈసారి కోరికల్లో నేనే ఒకటి రాయించాను. ప్రతి బడిలోనూ పిల్లలకి మందు ఇవ్వడం నేర్చిన మనిషి ఒకరు ఉండాలి. కమిటీ ఒప్పుకుంటే వచ్చే టర్ము నుంచే అమలు. ఆ సాయంత్రమే వెళ్ళి బెంచీ మీద అక్క పక్కన చతికిలబడ్డాను.

"నీ సంగతి పెట్టించానక్కా."

"నిజంగానేరా? ఒప్పుకుంటారంటావా?"

"నేనున్నాను కదా!"

నా బొంద ఉన్నాను. ఆ కోరిక ఎక్కడ పెట్టించానో మాత్రం చెప్పలేదు. మా వాళ్ళ మీటింగులో చివరి స్థానానికి ఏం దొరక్క అందరూ ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకుంటుంటే, ఎవరో "ఇది కొత్తది కదా, దీన్నే అక్కడ పెడదాం" అన్నారు. అందరి తలలతో పాటు నా తలా ఊగింది. తర్వాత పైకి జరిపించొచ్చులే అనుకున్నాను. ఆ తర్వాత నాకు తీరిక లేకపోయింది. ఎందుకంటే నేను మొదటి కోరికకి మెరుగులు దిద్దుతున్నాను. అది బాలల సంక్షేమానికి శాశ్వత మండలి. దానికో కార్యదర్శి ఉంటాడు. ఆ కార్యదర్శి ఎవరనే ఆలోచన నాకు బొత్తిగా లేదు. ఆ కార్యదర్శి గదికి కిటికీ ఏ వైపు ఉంటే బాగుంటుందని మాత్రం అప్పుడప్పుడూ అనుకునేవాణ్ణి.

కమిటీ రోజు రానే వచ్చింది. పొడవాటి బల్ల, మూతలు పెట్టిన నీళ్ళ గ్లాసులు, మూలన బక్కెట్లోకి చుక్కలు రాలుస్తున్న ఏసీ. అధ్యక్షురాలు సన్నగా, చురుగ్గా ఉన్నావిడ. మా కాగితాలు నిజంగానే చదివి వచ్చినట్టుంది, అక్కడక్కడా పెన్సిలు గీతలున్నాయి. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. మా కాగితాలు ఎవరైనా చదువుతారని నాకెప్పుడూ తట్టలేదు.

మాటలు ఒక కొలిక్కి వచ్చాయి. మా వాళ్ళు నావైపు చూశారు. నేను కళ్ళజోడు తీసి, తుడిచి, నిట్టూర్చాను. "ఏకాభిప్రాయం కోసం చివరి కోరికను వదులుకోవడానికి మేం సిద్ధం" అన్నాను. గొంతు కూడా కాస్త వణికించాను. మాట పూర్తయ్యాక గానీ అది ఏ కోరికో గుర్తు రాలేదు.

అధ్యక్షురాలు తలెత్తింది. "అదేంటండీ! మేం ముందుగా ఒప్పుకుందామనుకున్నదే అది. కొత్త బిల్డింగులు అక్కర్లేదు, కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. ఉన్నవాళ్ళలో ఒకరికి నేర్పిస్తే చాలు. మీకే వద్దా?"

"అబ్బే, వద్దని కాదండీ..."

"పోనీ, అది ఉంచేస్తాను. దాని బదులు ఏది వదులుకుంటారు? ఒకటైతే పోవాలి, మీకూ తెలుసుగా." పెన్సిలు మా కాగితం మీద పైకి పాకి, మొదటి కోరిక దగ్గర ఆగింది. "ఈ మండలి లాంటివి మాకు ఇప్పటికే చాలా ఉన్నాయి. దీన్ని తీసేద్దామా?"

సరేనండీ అంటే సరిపోయేది. ఒక్క మాట. బెంచీ మీద అక్క కళ్ళకి కట్టింది. దాని పక్కనే, ఎంత సిగ్గులేని బుర్రో చూడండి, కిటికీ కూడా కళ్ళకి కట్టింది. నోరు తెరిచాను. ఇన్నేళ్ళూ ఆఫీసర్ల నోట విని, బయటికొచ్చి వాళ్ళని వెక్కిరించిన మాటే నా నోట్లోంచి ఊడిపడింది.

"పరిశీలిస్తామండీ."

"మంచిది. అయితే ప్రస్తుతానికి మీరు మొదట చెప్పినట్టే రాసుకుంటాం. వచ్చే ఏడు చూద్దాం" అని ఆవిడ చివరి కోరిక మీద గీత కొట్టేసింది. మా వాళ్ళు బయటికొచ్చాక నా భుజం తట్టి మండలి నిలబడినందుకు అభినందించారు.

మధ్యాహ్నం భోజనం గంటకి కాస్త ముందు బడికి చేరాను. నా ముఖం చూడగానే అక్కకి అర్థమైపోయింది. లేచి నిలబడినదల్లా మళ్ళీ కూర్చుంది.

"పోనీలేరా" అంది. "నువ్వు మాత్రం ఏం చేస్తావు? వాళ్ళు ఒప్పుకోకపోతే నీదా తప్పు? ఎండలో పడి వచ్చావు, ముందు మంచినీళ్ళు తాగు."

తిట్టినా బాగుండేది. సీసా అందుకుని, మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. అబద్ధం తయారుగానే ఉంది, అక్కే నా చేతికి ఇచ్చింది. తీసుకుంటే పోయేది. తీసుకోలేకపోయాను.

"వాళ్ళు ఒప్పుకున్నారక్కా. నేనే వదిలేశాను."

మొత్తం చెప్పాను. చివరి స్థానం, నిట్టూర్పు, మండలి, ఆఖరికి కిటికీ కూడా. నేను ఆగాక అక్క సైకిళ్ళవైపు తల తిప్పుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొంగుతో గట్టిగా తుడిచేసుకుంది.

"నీ మండలి మండిపోను! ఇక్కడ కూర్చుని కూర్చుని నా చేతులు పని మర్చిపోతున్నాయిరా. నీకు కిటికీ కావాల్సొచ్చిందా?"

నేను అలవాటుగా కళ్ళజోడు తీసి తుడిచాను.

భోజనం గంట కొట్టారు. అక్క మందుల సంచీ తీసి నా ఒళ్ళో పడేసింది.

"లే. లోపలికి పద."

"నేనా? ఎందుకక్కా?"

"నేర్చుకోవడానికి. ఈ వారం నీ పక్కనుంటాను. సోమవారం నుంచి ఈ బెంచీ నీది."

"సోమవారం నాకు మండలి గురించి..."

"ఊఁ? మండలి గురించి?"

"ఏం లేదక్కా."

జబ్బు చేసిన పిల్లల గది అని బోర్డున్న గదిలో విరిగిన కుర్చీలూ, చుట్టచుట్టిన మ్యాపులూ, ఒక మంచమూ ఉన్నాయి. బుడంకాయ మంచం మీద కూర్చుని, తనే వేలికి పొడుచుకుని, మిషన్లో అంకె చూసి తల్లికి చెప్పింది. అక్క మందు కొలిచి సూది నా చేతికిచ్చింది. నేను దాన్ని మైకులా పట్టుకున్నాను.

"మామయ్యా, ఇక్కడ పట్టుకో. గట్టిగా కాదు" అంది బుడంకాయ, పొట్ట చూపిస్తూ. "భయమేస్తే కళ్ళు మూసుకోకు. నువ్వు చూడాలి. నేనే మూసుకుంటా."

గుచ్చాను. అది కిక్కురుమనలేదు. నాకు మాత్రం కళ్ళు మసకబారాయి.

"అప్పుడే తియ్యకు, మందంతా లోపలికి పోనీ" అని అక్క గుమ్మం దగ్గరికెళ్ళి ఫోను చెవిన పెట్టుకుంది. చాలా కాలానికి ఆ గొంతులో పాత హుషారు విన్నాను.

"అమ్మా, నేనే. నా కుర్చీ ఉందా? సోమవారం నుంచి వచ్చేస్తా... లేదండీ, గవర్నమెంటేం చెయ్యలేదు... మా తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు లెండి."