బాలింత గదిలో కుంపటి

అమెరికాలోని నోవైలో మూడు రోజులుగా ఒకటే ముసురు. అక్టోబరు మొదలై వారమే అయింది, చెట్లు ఇంకా ఆకులు రాల్చనే లేదు. గురువారం పొద్దున్నే ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. దిగడమంటే అలా ఇలా కాదు, తొమ్మిదింటికి యాభై అయిదు ఫారెన్‌హీట్ డిగ్రీలున్నది మధ్యాహ్నానికి నీళ్లు గడ్డకట్టే ముప్పై రెండుకు పడిపోయింది. వాన చూస్తూ చూస్తూ ఉండగానే మంచయింది. అక్టోబరులో మంచేమిటి, చోద్యం కాకపోతే! ఆఫీసులో జనమంతా పని మానేసి కిటికీల దగ్గర చేరి ఫోటోలు తీసుకున్నారు. తేజేశ్వర్ కూడా తీసుకున్నాడు, పాపం.

అతని ఇల్లు అక్కడికి పాతిక మైళ్లు. ఇంట్లో భార్య గీతాంజలి పచ్చి బాలింత. పిల్లాడు పుట్టి ఇరవై రెండు రోజులు. పురుడు పోయడానికి అత్తగారు రాజేశ్వరమ్మ నరసరావుపేట నుంచి వచ్చి నెలన్నర అయింది. ఆవిడ వచ్చిందంటే పథ్యం, పథ్యమంటే పథ్యమే. కూతురి చెవుల్లో దూది, తలకి గుడ్డ, ఫ్యాను వేస్తే ఊరుకోదు. తల్లికీ బిడ్డకీ నీళ్లు పోశాక సాంబ్రాణి వేయాల్సిందే. దానికి నిప్పులు కావాలి కదా! వేసవిలో పెరట్లో గ్రిల్ కోసం కొన్న బొగ్గుల బస్తా గరాజ్‌లో మిగిలి ఉంటే, ఆవిడ కళ్లు మెరిశాయి. రోజూ నాలుగు బొగ్గులు గ్యాస్ పొయ్యి మీద రాజేసి, ఇనప మూకుట్లో వేసుకుని గదిలోకి తీసుకెళ్లేది.

మొదటి రోజు సాంబ్రాణి పొగ ఇలా లేచిందో లేదో, గది బయట నడవా కప్పుకి బిగించిన అలారం ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. పిల్లాడు ఉలిక్కిపడి గుక్కపట్టాడు.

"ఇదేం గోల బాబూ! పసిగుడ్డు దడుచుకున్నాడు. దాన్ని కాస్త ఆపుదురూ" అంది రాజేశ్వరమ్మ.

"ఒక్క నిమిషం అత్తయ్యగారూ" అని తేజేశ్వర్ కుర్చీ ఎక్కి దాన్ని ఊడబీకి వంటింటి సొరుగులో పడేశాడు. పోపు వేసినప్పుడల్లా దానితో విసిగిపోయే ఉన్నాడు, పీడా పోయిందనుకున్నాడు. వారం తిరక్కుండా పిల్లాడి ఊయలలో బ్యాటరీలు అయిపోయాయి. అది తనంతట తానే ఊగుతూ పాట పాడే కరెంటు అక్కర్లేని ఊయల. వానలో కొట్టుకెవడు వెళ్తాడు? అలారంలోవి తీసి ఇందులో వేశాడు. సరిగ్గా సరిపోయాయి. తన తెలివికి తనే మురిసిపోయి గీతాంజలికి చెప్పాడు కూడా.

గురువారం రెండింటికి ఫోన్ చూసుకుంటే, ఇరవై నిమిషాల కిందట అత్తగారు పంపిన కుంపటి ఫోటో ఉంది. దాని కింద ఆవిడ గొంతు. "బాబూ, ఆకులున్న కొమ్మల మీద మంచు పడి విరిగిపోతున్నాయి. కరెంటు పోయింది, హీటరూ ఆగిపోయింది. మీరేం కంగారు పడకండి. మూకుడు నిండా బొగ్గులు రాజేసి గదిలో పెట్టాను. కిటికీ సందుల్లోనూ తలుపు కిందా పాత చీరలు కుక్కేశాను. చలిగాలి కాస్తైనా రాదు. అమ్మాయీ బాబూ హాయిగా పడుకున్నారు."

తేజేశ్వర్‌కి ప్రాణం కుదుటపడింది. ఎంత పెద్దావిడ, ఎంత ధైర్యం! పక్క సీటులో ఉండే దేవ్‌కి గొప్పగా చూపించాడు. దేవ్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, తెలుగు కాస్త ముద్దముద్దగా వస్తుంది.

దేవ్ నవ్వలేదు. ఫోటో పెద్దది చేసి చూశాడు. "అన్నా, అది చార్‌కోల్ కదా? ఇంటి లోపలా? విండోస్ అన్నీ క్లోజా?"

"పొగ లేదులే, బాగా రాజాక పెట్టారు."

"పొగ కాదన్నా, కార్బన్ మోనాక్సైడ్! కనపడదు, వాసన రాదు. నిద్రలోనే చచ్చిపోతారు. కాల్ చెయ్, ఇప్పుడే కాల్ చెయ్!" దేవ్ అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. "మీ ఇంట్లో అలారం ఉంది కదా? అది కొడుతుంది కదా?"

అది పొగకే అనుకున్నాడు తేజేశ్వర్ ఇన్నాళ్లూ. దాని మొహాన ఇంకేదో కూడా రాసి ఉండటం కుర్చీ మీద నుంచున్నప్పుడు కళ్లారా చూశాడు. చదవలేదు. దేవ్ వెంట పరిగెత్తాడు.

కారు దేవ్ నడిపాడు. తేజేశ్వర్ ముందు అత్యవసర నంబరు 911కి చేశాడు. పంపిస్తున్నాం, దారిలో చెట్లు పడిపోయి ఉన్నాయి, ఆలస్యం కావచ్చు అన్నారు. గీతాంజలి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. అత్తగారికి చేస్తే నాలుగోసారికి ఎత్తింది.

"అత్తయ్యగారూ! కిటికీ తియ్యండి! నిప్పులు బయట పారేసి, వాళ్లని తీసుకుని బయటికి రండి!"

"ఆఁ... బాబూ..." ఆవిడ మాట సాగుతోంది. "తల దిమ్ముగా ఉంది... ఒకటే నిద్ర..."

"గీతని లేపండి!"

"లేపానండీ... లేవట్లేదు. కిటికీ ఎందుకు... చలి బాబూ... బాలింత..."

ఏదో దబ్బున పడిన చప్పుడయింది. తర్వాత ఆవిడ పలకలేదు. ఫోన్ మాత్రం ఆగలేదు. అందులోంచి సన్నగా పాట వినబడుతోంది. పిల్లాడి ఊయల పాట.

మంచు అద్దానికి ముద్దలు ముద్దలుగా అతుక్కుంటోంది. వేసవి టైర్లు కావడంతో మలుపు మలుపుకీ కారు జారుతోంది. రోడ్డు మీద వరసగా ఎర్ర లైట్లు, కదలని బళ్లు. దేవ్ తిట్టుకుంటూ మట్టి అంచు మీద నుంచి పోనిచ్చాడు. ఫోన్లో పాట అయిపోతే మళ్లీ మొదలవుతోంది. కొత్తగా వేసిన బ్యాటరీలు మరి, ఎంతసేపైనా పాడతాయి. ఆ పాట వింటూ తేజేశ్వర్ తల బాదుకున్నాడు. వెధవని, వెధవన్నర వెధవని, నా చేతులు విరిగిపోను అని ఏడ్చాడు. దేవ్‌కి ఏమీ అర్థం కాలేదు, అడగలేదు కూడా.

ఇంటికి చేరేసరికి మూడయింది. ఫైరింజన్ ఇంకా రాలేదు. గది తలుపు కింద చీర బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ భుజాలతో తోశారు. లోపల హాయిగా, వెచ్చగా ఉంది. పొగ లేదు, వాసన లేదు. మూకుట్లో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. రాజేశ్వరమ్మ కిటికీ కింద పడి ఉంది. కుక్కిన చీర సగం లాగి, ఆ కొస చేత్తో పట్టుకునే ఉంది. మంచం మీద గీతాంజలి బుగ్గలు ఎన్నడూ లేనంత ఎర్రగా ఉన్నాయి. ఊయల ఊగుతోంది, పాడుతోంది. అందులో పిల్లాడు కదలడం లేదు.

తేజేశ్వర్ పిల్లాణ్ని తీసుకుని మంచులోకి పరిగెత్తాడు. దేవ్ గీతాంజలిని ఎత్తుకొచ్చి, మళ్లీ వెళ్లి పెద్దావిడని ఈడ్చుకొచ్చాడు. "నాన్నా, నా తండ్రీ, ఒక్కసారి ఏడవరా" అంటూ తేజేశ్వర్ పిల్లాడి అరికాళ్లు రుద్దాడు, వీపు రుద్దాడు. చినుకంత మంచు వాడి నుదుటి మీద పడి కరిగింది. వాడు మొహం చిట్లించాడు. తర్వాత పిల్లికూనలా ఏడ్చాడు. ఇరవై రెండు రోజులుగా ఆ ఏడుపు ఆపడానికే ఇల్లంతా కష్టపడింది.

అప్పుడొచ్చింది ఫైరింజన్, వెనకే అంబులెన్సు. ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి గీతాంజలి కళ్లు తెరిచి బిడ్డ కోసం వెతుక్కుంది. బతుకుతుందన్నారు, అందరూ బతుకుతారన్నారు. ఇంకో పావుగంటైతే మాత్రం చెప్పలేమన్నారు.

రాజేశ్వరమ్మ మాస్కు పక్కకి లాగి గుండెలు బాదుకుంటోంది. "నా చేతులారా చంపుకునేదాన్నే! చలి చలి అని నేనే పొట్టన పెట్టుకునేదాన్నే!"

ఫైర్ ఆఫీసర్ చేతిలో విషవాయువు కొలిచే మీటరుతో బయటికొచ్చాడు. ఇంట్లో అలారం లేదా అని ఇంగ్లీషులో అడిగాడు. ఉందన్నాడు తేజేశ్వర్. ఎక్కడుంది? వంటింటి సొరుగులో. బ్యాటరీలేవి?

తేజేశ్వర్ ఇంటివైపు చూశాడు. తెరిచిన తలుపులోంచి ఊయల పాట వినబడుతూనే ఉంది. చెయ్యి అటు చూపించాడు.

"ఏమంటున్నాడు బాబూ? నన్నేనా తిడుతున్నాడు?" అంది రాజేశ్వరమ్మ.

ఆవిడకి ఇంగ్లీషు రాదు. అవునంటే నమ్మేస్తుంది, జీవితాంతం మోస్తుంది. తేజేశ్వర్ ఆవిడ ముందు మంచులో మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"మిమ్మల్ని కాదు అత్తయ్యగారూ. ఆ రోజు అరిచిందే, అది ఇవాళ కూడా అరవాల్సింది. దాని నోరు నొక్కింది నేను."

"ఆపమన్నది నేనే కదా బాబూ" అంది రాజేశ్వరమ్మ. తన మీద కప్పిన దుప్పటి కొస తీసి అతని భుజాల మీద వేసింది.