కారు చూడని మోతగాడు

చోంగ్‌చింగ్ నగరంలో ఇరవయ్యేళ్లు టాక్సీ నడిపిన టాన్ సూయున్ అనే ఆవిడకి కొత్త ఉద్యోగంలో పని ఒక్కటే. స్టీరింగు ముందు కూర్చుని, డ్రైవరు లేకుండా నడిచే కారును దాని మానాన పోనివ్వాలి. ఎదురుగా వచ్చే ప్రమాదాన్ని అది చూడకపోతేనే బ్రేకు తొక్కాలి.

ఆ కారు తెలివంతా లోపల బిగించిన అరచేతంత చిప్పులోనే ఉంది. అడుగడుగునా సొరంగాలు, వంతెనమీద వంతెన ఉన్న ఊళ్లో సిగ్నలు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లను అడక్కుండా తనంతట తనే చూసి తేల్చుకునేలా దాన్ని తయారుచేశారు. చిప్పులో పట్టడం కోసం ఆ తెలివిని కుదించి ఎనిమిదో వంతుకు తెచ్చారు. ఆ పని చేయించినవాడు ప్రాజెక్టు పెద్ద లూ జింగ్‌బో. ముప్పై ఒక్కేళ్లవాడు. శుక్రవారం అమ్మకానికి అనుమతి పత్రాలమీద సంతకాలు కావాలి. ఆ రోజు బుధవారం.

పొద్దున కారు సొరంగం దాటి టోకు బజారు పక్కకు రాగానే ఒక ముసలి మోతగాడు రోడ్డుమీదికి దిగాడు. వెదురు కావడికి రెండువైపులా తెల్లటి థర్మోకోల్ పలకల కట్టలు. తల నుంచి మోకాళ్ల దాకా మనిషే కనబడడం లేదు. మనిషి ఎదురైతే కారులోని తెరమీద అతని చుట్టూ పసుపు గడి రావాలి. రాలేదు. వేగం తగ్గలేదు. సూయున్ బలంకొద్దీ బ్రేకు తొక్కింది. కట్ట ఒకటి బానెట్‌ను రాసుకుంటూ పోయింది.

"కళ్లు డిక్కీలో పెట్టుకుని నడుపుతున్నావా తల్లీ?" అని అరిచి ముసలాయన బజార్లోకి పోయాడు.

కంపెనీ పరీక్షా మైదానానికి తిరిగొచ్చాక లూ కారు రికార్డు చూశాడు.

"తొందరపడ్డావక్కా. ఇంకో అర సెకనుంటే అదే ఆగేది. రిపోర్టులో అనవసరపు బ్రేకు అని రాసి సంతకం పెట్టెయ్."

"ఆగేదని నీకెలా తెలుసు? పసుపు గడే రాలేదు కదా!"

"ఒక్కోసారి చివర్లో వస్తుంది."

"అయితే పరీక్షలకి వాడే మనిషి బొమ్మకి కావడి కట్టి నిలబెట్టు, చూద్దాం."

"మన బొమ్మలన్నీ దానికి కంఠతా వచ్చు. వాటితోనేగా నేర్పాం."

"మరింకేం ఇంజనీరు గారూ, తమరే నిలబడండి!"

ఎత్తిపొడుపుగా అన్న మాట అది. లూ మొహం ఎర్రబడింది. కోటు విప్పి, కెమెరాలు వచ్చిన పెట్టెల్లోంచి థర్మోకోల్ పలకలు తీసి ఒక వెదురు కర్రకు కట్టడం మొదలుపెట్టాడు.

"ఏయ్, ఊరికే అన్నాను. పిచ్చి పనులు చెయ్యకు."

"నా పనిమీద నాకు నమ్మకముంది. ముప్పై కిలోమీటర్ల వేగంలో రా. బ్రేకు ముట్టుకోనని మాటివ్వు."

సూయున్ మాటిచ్చింది. నేనొద్దంటే ఇంకెవరి చేతనైనా నడిపిస్తాడు, వాళ్లు నిజంగానే తొక్కకపోతే ఏం గతి, అనుకుంది. అతను నిలబడబోయే చోటికి ఇవతల, ఎనిమిది బారల దూరంలో నేలమీద తెల్ల గీత ఉంది. అక్కడికి రాగానే తొక్కెయ్యాలని మనసులో గట్టిగా అనుకుంది.

కారు కదిలింది. ముప్పై అందుకుంది. ఎదురుగా రెండు తెల్లకట్టలు, వాటి కింద లూ నల్లబూట్లు. తెర ఖాళీ. ఇప్పుడైనా చూడవే, అని సూయున్ కారును బతిమాలుకుంది. కట్టలు పెద్దవవుతున్నాయి. గడి రాలేదు. కాలు బ్రేకు పైన గాలిలో ఉంచింది.

గీత ఇంకా రెండు బారలుందనగా కట్టలు నేలమీద పడ్డాయి. లూ పక్కకు దూకి మోచేతులమీద దొర్లాడు. సూయున్ రెండు కాళ్లతో తొక్కింది. కారు కీచుమని అరిచి పలకలకు ఇవతలే ఆగింది.

ఆమె తలుపు తోసుకుని పరిగెత్తింది. "చచ్చేవాడివిరా వెధవా! మీ అమ్మకి నేనేం చెప్పుకోవాలి?" అంటూ అతని భుజం పట్టుకుని ఊపేసింది. అతని మోచెయ్యి నెత్తురోడుతోంది.

"అది ఆగేదేమో అక్కా," అన్నాడు లూ. "నేనే ఉండలేకపోయాను."

"ఇప్పుడేం రాయమంటావు?"

"ఆగుతుందో లేదో తెలీదని రాయి. పొద్దున జరిగిందీ, ఇప్పుడు జరిగిందీ, రెండూ రాయి."

ఆమె రాసి సంతకం పెట్టింది. లూ ఆమె ఎదుటే పైఅధికారికి ఫోను చేశాడు. అవతలి కేకలు ఆమెకూ వినబడ్డాయి. అతను వాదించలేదు. "మోతగాళ్లని గుర్తుపట్టడం కారుకి మళ్లీ నేర్పాలి సార్, ఆరు వారాలు పడుతుంది," అని మాత్రం మూడుసార్లు చెప్పాడు.

శుక్రవారం సంతకాలు జరగలేదు. ప్రాజెక్టు పెద్ద పదవి ఇంకొకరికి వెళ్లింది. సోమవారం పొద్దున లూ మోచేతికి కట్టుతో, కారుకి మోతగాళ్లని చూపించే పనిమీద వచ్చి సూయున్ పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె అతని బెల్టు ఒకసారి లాగి చూసి, కారును గేటు దాటించింది.