చెట్టుకు అవతలి వైపు

"నాలుగు రోజులు మీ చెల్లి దగ్గరికి వెళ్లిరారాదూ," అన్నాడు ఓరిన్, వెర్నా రాత్రి భోజనాల పళ్లాలు కడుగుతుంటే. అని ఊరుకోకుండా, ఒక పళ్లెం తీసుకుని తుడిచిపెట్టాడు.

వెర్నా చేతిలో స్పాంజి ఆగింది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అతని చేతిలో తుడుపుగుడ్డ చూడటం ఇదే మొదలు. చెల్లెలు ఇలీన్‌కు ఆపరేషన్ అయినప్పుడు "నువ్వు వెళితే నాకు వండేదెవరు?" అన్న మనిషి, జనవరి చలిలో, రోడ్ల మీద మంచు పేరుకుపోయి ఉండగా వెళ్లమంటున్నాడు. మొన్న ఫోన్‌లో ఎవరినో "నేల ఎంత లోతు గడ్డకట్టింది?" అని అడిగాడు. నిన్న ఇంకో ప్రశ్న: "ఆ ఫోటోలు ఎటువైపు నుంచి తీస్తుంటావు?" ఆమె ఫోటోల గురించి అతను అడగడం కూడా అదే మొదలు. "ఈ కిటికీ వైపు నుంచే," అంది. అతను తలూపిన తీరు ఆమెకు నచ్చలేదు. లేని దయ వచ్చిపడితే తీసుకోవడం ఆమెకు చేతకాలేదు.

వారంలో ఐదు రోజులు బడి వంటగదిలో రెండు వందల మంది పిల్లల ఎంగిలి పళ్లాలు, ఇంటికొస్తే ఈ పళ్లాలు. శనివారం పొద్దున ఒక్క గంట మాత్రం పెరట్లో సూదుల్లాంటి ఆకుల స్ప్రూస్ చెట్లు పదకొండూ, పాత కెమెరా. మంచును ఫోటో తీస్తే కెమెరా మోసపోయి బూడిదరంగు చూపిస్తుందనీ, వెలుతురు తానే కాస్త పెంచాలనీ ఒంటరిగా నేర్చుకుంది. మోయలేనంత మంచు పడితే కొమ్మ మెల్లగా వంగి, దాన్ని దించేసి, మళ్లీ లేస్తుంది. అది చూస్తే ఆమెకు ఊపిరి తేలికయ్యేది. మూడో గర్భమూ నిలవని ఏడాది నాటింది వాటిని. గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లతో మోసి పోసింది. క్రిస్మస్ విందు బల్ల దగ్గర అత్తగారు ఆర్డిస్, "కడుపు పండనిదానికి చెట్లయినా పచ్చగా ఉండాలిగా, పాపం," అంది. అందరూ నవ్వారు. ఓరిన్ కూడా.

ఆ శనివారం ఓరిన్ బజారుకు వెళ్లాక, ఆమె చెట్ల వెనక్కి వెళ్లింది. మంచులో రెండు జతల బూట్ల గుర్తులు. ఒకటి ఓరిన్‌ది. ప్రతి చెట్టుకూ, ఇంటికి కనబడని వైపు, ఛాతీ ఎత్తున నీలిరంగు గీత. కింద, వేరు దగ్గర, ఇంకొకటి. వెర్నా నాన్న అడవిలో ఇలాగే గుర్తులు పెట్టేవాడు: పైగీత నరికేవాడి కోసం, కిందిది నరికాక, గుర్తు పెట్టిన చెట్టునే కొట్టారనడానికి మొద్దు మీద సాక్ష్యం కోసం. నేల రాయిలా గడ్డకడితేనే యంత్రాలు దిగబడకుండా వస్తాయి. అందుకే జనవరి. అందుకే చెల్లెలిల్లు.

పదకొండింటినీ ఫోటో తీసింది, వెలుతురు పెంచి.

మధ్యాహ్నం సూప్ గిన్నె పక్కన కెమెరా పెట్టింది. ఓరిన్ చూసి చెంచా దించాడు.

"మంచు మీద నడిపే బళ్లకు అక్కడ షెడ్డు వేద్దామని. తమ్ముడూ నేనూ..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బాధపడతావని, వెర్నా. నీ మంచికే."

"కాదు. అడిగితే వద్దంటానని."

అతను నవ్వబోయాడు. "చెట్లే కదా. ఫోటోలున్నాయిగా నీ దగ్గర."

ఆమె లేచింది. ఎప్పటికైనా పనికొస్తుందని చెప్పి ఓరిన్ ఫ్రిజ్‌కు అతికించిన, చెట్లు కొట్టే కాంట్రాక్టర్ కార్డు తీసుకుని, అతని ఎదుటే నంబరు నొక్కింది. అవతల రోల్ఫ్ అనే ఆయన మర్యాదగా, "సోమవారం వస్తున్నామమ్మా. మీకు ఇష్టమేనని మీ ఆయన చెప్పారు," అన్నాడు.

"నన్నెవరూ అడగలేదు. ఈ స్థలంలో సగం నా పేరున ఉంది. రాకండి."

"అయితే మేం రావడం లేదమ్మా," అన్నాడు రోల్ఫ్. "ఎవరు వద్దన్నారని రాసుకోను? మిసెస్ ఓరిన్ అనా?"

"కాదు," అందామె. "వెర్నా అని రాయండి. ఆ చెట్లు నాటినావిడ అని."