బడి పేరు చెరిపిన రోజు

వెంకటనర్సయ్య నిచ్చెన మీద నిలబడి, గేటు పైనున్న రాతి కమాను మీది పేరును ఇనుప బద్దతో గీకుతున్నాడు. పాత రంగు పెచ్చులుగా ఊడి అతని మీసాల మీద, బనియను మీద రాలుతోంది. అతను మొదట చెరిపింది పేరును కాదు, దాని కిందున్న చిన్న వరుసను: ‘స్థాపించినవారు: శ్యామలాదేవి’. ఎండెక్కితే ఆ టీచరమ్మ ఇటు వస్తుందేమోనని తెల్లవారగానే పని మొదలుపెట్టాడు.

ఫిలింనగర్ ఇంకా బండలగుట్టగా ఉన్న రోజుల్లో, అక్కడ రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలనూ స్టూడియోలో సెట్లు వేసే వడ్రంగుల పిల్లలనూ పోగుచేసి ఆమె రేకుల షెడ్డులో బడి పెట్టింది. రాళ్లు కొట్టే వీరయ్య కొడుకు వెంకటనర్సయ్య ఆ పిల్లల్లో ఒకడు. పలక మీద అతని అక్షరాలు చూసి, సినిమా బ్యానర్లు రాసే మేస్త్రీ దగ్గర చేర్చింది ఆమే. షెడ్డు పోయి గదులు లేచాయి, బడి హైస్కూలయింది. ఏటా వేసవిలో బడి పేరును కొత్త రంగుతో దిద్దేది అతనే.

తర్వాత ఫ్లెక్సీలొచ్చి బ్యానర్ల పని పోయింది. గుట్టల అవతల కంప్యూటర్ కంపెనీలు లేచాయి. బోరబండలో కూలి చేసుకునేవాళ్లు కూడా పిల్లలకు ఇంగ్లీషు మీడియమే కావాలన్నారు. బెంచీలు ఖాళీ అయ్యాయి. బడి కమిటీవాళ్లు దాన్ని ఓ కార్పొరేట్ సంస్థకు అప్పగించేశారు.

“సాయంత్రానికి కంప్లీట్ చెయ్యి. నీ బిడ్డ సీటు సంగతి నేను చూస్కుంటా” అన్నాడు కొత్త డైరెక్టర్ కమలాకర్, ఇంగ్లీషు పేరు అచ్చువేసిన కాగితం చేతికిస్తూ.

వెంకటనర్సయ్యకు ఇంగ్లీషు చదవడం రాదు. ఒక్కో అక్షరాన్నీ బొమ్మలా గీశాడు. మధ్యాహ్నం దాటాక కింద ఆటో ఆగింది. శ్యామలాదేవి దిగింది. నడుం కాస్త వంగిపోయింది, నేతచీర కొంగు నెత్తిన కప్పుకుంది. కమాను వైపు చూస్తూ నిలబడిపోయింది. అతను నిచ్చెన దిగాడు.

“మా రష్మికి గీడ సీటు ఇస్తమన్నరు, టీచరమ్మా. నేను రాయకుంటే ఇంకొకడు రాస్తడు. గందుకే...”

“నేనేమైనా అన్నానా, నర్సయ్యా?” అని గీకిన చోటు వైపు చూసింది. “నా పేరు కూడా నువ్వే చెరిపావా?”

“పొద్దుగాలనే చెరిపిన. మీరు చూస్తరని.”

ఆమె తిడుతుందేమోనని తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు.

“పిల్ల చదువుకోవాలిగా. వెళ్లి పని చూసుకో. నేను లోపల కాసేపు కూర్చుంటాను.”

మళ్లీ నిచ్చెనెక్కి కుంచె పట్టాడు. ఒక అక్షరం వంకరపోయింది. గుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నాడో.

పొద్దువాలే వేళకు పని ముగించి లోపలికి వెళ్లాడు. ఆమె మొదటి బెంచీలో కూర్చుని, చేతుల మీద తల వాల్చి ఉంది. నిద్రపోతోందనుకున్నాడు. పిలిచాడు. పలకలేదు. చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది.

కమలాకర్ పరుగున వచ్చాడు. డాక్టరును పిలిపించాడు. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు. కమలాకర్ గొంతు తగ్గించి, “వెనక గేటు నుంచి తీసుకెళ్దాం. అడ్మిషన్లకు పేరెంట్స్ వస్తున్నారు” అన్నాడు.

వెంకటనర్సయ్య ఆమె కొంగు సర్దాడు.

“ముందు గేటుకెల్లే పోతది సార్. సీటు సంగతి మీ ఇష్టం.”

అతనూ వాచ్‌మనూ ఆమెను బెంచీ మీదే పడుకోబెట్టి, ఇంకా ఆరని అక్షరాల కింది నుంచి మోసుకెళ్లారు. అడ్మిషన్లకు వచ్చిన తల్లిదండ్రులు పక్కకు తప్పుకున్నారు.

తరగతి గడప బయట ఆమె చెప్పులు పక్కపక్కనే, లోపలి వైపు తిరిగి ఉన్నాయి.