నాన్న క్లాసుకు వెళ్లే సాయంత్రాలు

ఆ అమ్మాయిని ఇంట్లో బొంగరం అంటారు. కంచం చేత్తో పట్టుకుని వంటగదికీ ముందుగదికీ మధ్య తిరుగుతూ అన్నం తింటుంది. చదువుకునేటప్పుడూ అంతే, పుస్తకం పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు నడక. ఏ పనికైనా అందరికంటే ముందు చెయ్యెత్తుతుంది, నెల తిరక్కుండా అందులోంచి మనసు జారిపోతుంది. ఈత, కుట్లు, బొమ్మలు గీయడం, అన్నీ అలాగే అటకెక్కాయి. డిగ్రీ రెండో ఏడాదిలో, సాయంత్రాలు దగ్గర్లోని బడికి వెళ్లి వెనకబడిన పిల్లలకూ చదువురాని పెద్దలకూ పాఠాలు చెప్పేందుకు ఎవరొస్తారని కాలేజీలో అడిగినప్పుడు కూడా మొదట లేచిన చెయ్యి ఆమెదే. ఇది ఎన్నాళ్ల ముచ్చటో చూద్దామని వాళ్లమ్మ నిట్టూర్చింది.

బొంగరానికి చిన్నపిల్లల లెక్కలు అప్పగించారు. పిల్లలకు ఒకరోజు, పెద్దవాళ్లకు మర్నాడు. పెద్దవాళ్ల క్లాసు ఆమెతో చదివే ఒక కుర్రాడు చూసుకునేవాడు. అతన్ని అందరూ నిదానం అనేవాళ్లు. అతన్ని ఏదైనా అడిగితే, జవాబు వచ్చేలోపు వెళ్లి టీ తాగి రావచ్చని కాలేజీలో హాస్యం. మొదట్లో బొంగరం తన క్లాసు లేని రోజుల్లో కూడా వెళ్లి, పెద్దవాళ్లు ఎలా చదువుతారోనని కిటికీలోంచి తొంగిచూసి వచ్చేది. కొన్నాళ్లకు ఆ సరదా తీరిపోయింది.

తీరిపోయేలోగా ఇంట్లో బోలెడంత వినోదం పంచింది. హాస్టల్లో గిన్నెలు తోమే బామ్మ ఒకావిడ ఒక కన్ను మూసి, అక్షరం పారిపోతుందేమో అన్నట్టు వేలితో నొక్కిపట్టి చదివేది. వ్యాన్ డ్రైవరు ఒకాయన నాలుక బయటపెట్టి రాసేవాడు. బొంగరం భోజనాల దగ్గర లేచి నిలబడి ఇద్దరినీ అచ్చుగుద్దినట్టు చేసి చూపించేది. అమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. నాన్న ఒక పెద్ద షాపింగ్ కాంప్లెక్సులో ఎలక్ట్రీషియన్. తల వంచుకుని తింటూ ఆయనా నవ్వేవాడు. ఒకసారి మాత్రం, అక్కడికి ఎవరైనా వెళ్లొచ్చా, వివరాలేమైనా అడుగుతారా అన్నాడు. ఎవరైనా వెళ్లొచ్చని చెప్పి బొంగరం మళ్లీ బామ్మలా కన్ను మూసింది.

ఆ తర్వాత నాన్న కొన్ని సాయంత్రాలు ఆలస్యంగా రావడం మొదలైంది. కొత్త అంతస్తులో వైరింగ్ జరుగుతోందన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు నిదానానికి జ్వరం వచ్చి, తన క్లాసు కాస్త చూడమని బొంగరాన్ని అడిగాడు. ఆమె ఎగురుకుంటూ వెళ్లింది. పిల్లల బెంచీల్లో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్న పెద్దవాళ్లకు నమస్కారం పెట్టి, గబగబా బోర్డు తుడిచి, గబగబా మాటలు రాయడం మొదలుపెట్టింది. అప్పుడు గుమ్మంలో ఎవరో ఆగినట్టయింది. తిరిగి చూస్తే నాన్న. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

ఆయన కూతురి వంక చూశాడు. వెంటనే పైకప్పు వంక చూశాడు.

"ఇక్కడ ట్యూబ్‌లైటు కొట్టుకుంటోందన్నారమ్మా. చూసిపోదామని వచ్చాను."

లైటు నిక్షేపంగా వెలుగుతోంది. అయినా బొంగరానికి అనుమానం రాలేదు సరికదా, మా నాన్నగారని అందరికీ గర్వంగా చెప్పింది. డ్రైవరు తన పలక వంక తదేకంగా చూస్తూ ఉండిపోయాడు. నాన్న బెంచీ ఎక్కి, ట్యూబు ఊడదీసి, జేబురుమాలుతో తుడిచి, మళ్లీ బిగించాడు. వెలిగిన లైటును మరోసారి ఊడదీయబోతుంటే బామ్మ ఇక ఆగలేకపోయింది.

"దిగవయ్యా అబ్బాయ్, పడతావు. లైటుకేమీ కాలేదు. వచ్చి నీ చోట్లో కూర్చో. ఈ అమ్మాయి మీ పిల్లేనని మాకొక్కనాడైనా చెప్పావు కాదే."

నాన్న దిగాడు. దిగి, బెంచీ మీద పడిన తన చెప్పుల దుమ్మును చేత్తో తుడిచాడు. తర్వాత వస్తానని ఎవరి వంకా చూడకుండా అని, వెళ్లిపోయాడు. పనికి వెళ్తే ఎప్పుడూ భుజాన ఉండే సామాను సంచి ఆయన దగ్గర లేదని బొంగరం అప్పుడు చూసింది.

ఆ క్లాసు ఎలా పూర్తి చేసిందో ఆమెకే తెలియదు. ఇంటికి తిన్నగా వెళ్లలేక చుట్టుతిరుగుడు దారి పట్టింది. మెడికల్ షాపు, సైకిళ్లు బాగుచేసే కొట్టు, మళ్లీ మెడికల్ షాపు. నడుస్తున్నకొద్దీ ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. తన బడికి సంబంధించిన ఏ కాగితం ఇచ్చినా కళ్లజోడు పనిలో మరిచిపోయానని అమ్మకు అందించే నాన్న. ఫోన్లో తను ఏం రాసి పంపినా బొటనవేలు బొమ్మ ఒక్కటే జవాబుగా పంపే నాన్న. జ్వరంగా ఉందని పంపితే కూడా అదే బొటనవేలు. ఆ కథ ఆమె క్యాంటీన్లో చెప్పి, బల్లలన్నీ విరగబడి నవ్వేలా చేసింది.

ఇంట్లో అమ్మ గిన్నెలు కడుగుతూ ఉంది. నీకు తెలుసా అని బొంగరం అడిగింది. పెళ్లికి ముందే తెలుసనీ, చిన్నప్పుడు నువ్వు బడిలో చేరినప్పుడు నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడనీ అమ్మ అంది. కొన్నాళ్లు ఆయన్ను కదిలించొద్దని కూడా చెప్పింది.

కదిలించకుండా ఉండటం బొంగరం వల్ల అయ్యే పనా? మర్నాడే అక్షరాల చార్టు ఒకటి తెచ్చి ముందుగదిలో అంటించింది. నాన్న కుర్చీలో కొత్త పలక పెట్టింది. ఆయన వచ్చి, కాళ్లు కడుక్కుని, చార్టు వంక చాలాసేపు చూశాడు. రోజూ కాసేపు కూర్చుంటే చాలు, నేనే నేర్పిస్తానంటూ బొంగరం మొదలుపెట్టింది. ఆయన పలక తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు.

"నేను నీ దగ్గర చదువుకోలేనమ్మా."

"ఎందుకు నాన్నా?"

"నీ ముందు తప్పు చదవలేను. ఆ కుర్రాడి దగ్గరైతే ఎన్ని తప్పులైనా చదువుతాను. అతను నవ్వడు, తొందరపెట్టడు." పలకను ఇంకాస్త పక్కకు జరిపి అన్నాడు: "నువ్వు ఆ బామ్మలా చేసి చూపించినప్పుడు నేనూ నవ్వాను. ముద్ద మాత్రం దిగలేదు."

కోపంగా అనుంటే ఆమె ఏదో ఒకటి ఎదురు చెప్పేది. ఆయన మామూలుగా అన్నాడు.

ఆయన క్లాసు మానేశాడు. ఆ సాయంత్రాలు పెందలాడే ఇంటికొచ్చి, బాగానే తిరుగుతున్న ఫ్యాన్లు విప్పి మళ్లీ బిగించేవాడు. బొంగరం ఒక గదిలో తిరిగేది, ఆయన ఇంకో గదిలో. మధ్యలో అమ్మకు తల తిరిగిపోయేది. జ్వరం తగ్గి నిదానం కాలేజీకి రాగానే బొంగరం అతన్ని మెట్ల దగ్గర పట్టుకుంది. ఆయన మా నాన్నని నీకు ఎప్పటి నుంచి తెలుసని నిలదీసింది. చేరిన రోజు నుంచీ తెలుసన్నాడు. మా అమ్మాయి కూడా ఇక్కడే చెబుతుంది, అది రాని రోజుల్లో వస్తాను, ఫరవాలేదా అని అడిగి మరీ చేరాడట. నాకెందుకు చెప్పలేదని ఆమె అతని మీద విరుచుకుపడింది. నిదానం ఎప్పట్లాగే చాలాసేపు తీసుకున్నాడు.

"ఆయన చెప్పొద్దన్నారు. జ్వరం మత్తులో నిన్ను ఆ క్లాసుకు పంపడం నా తప్పే. ఇంకో తప్పు అంతకుముందే చేశాను. క్యాంటీన్లో ఆ బొటనవేలు కథ చెబుతుంటే నిన్ను ఆపాల్సింది. ఏమని ఆపాలా అని ఆలోచించేలోపు నువ్వు చెప్పేశావు."

ఆమె ఇంటికెళ్లి చార్టు పీకేసింది. దానితోపాటు గోడ సున్నం ఊడివచ్చింది. అక్కడ మిగిలిన మచ్చ చార్టు కంటే ఎక్కువగా కనిపించసాగింది.

ఒక ఆదివారం పొద్దున బామ్మ ఇస్త్రీపెట్టె చంకలో పెట్టుకుని, దారి అడుక్కుంటూ వాళ్లింటికి వచ్చింది. వేడెక్కడం లేదంది. నాన్న గుమ్మంలో కూర్చుని విప్పాడు. తీగ ఒకటి వదులైంది, అంతే. ఆయన బిగిస్తుంటే బామ్మ గడప మీద కూర్చుని, ఆరోజు తాను నోరు మూసుకుని ఉండాల్సిందని ఒప్పుకుంది. తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"నువ్వు రాకపోతే నాకు కష్టంగా ఉందయ్యా. ఇన్నాళ్లూ నీకంటే నేను కాస్త నయమనుకుంటూ చదువుకున్నాను. ఇప్పుడు క్లాసులో నా వెనక ఎవరూ లేరు."

నాన్న స్క్రూడ్రైవరు కింద పెట్టి నవ్వాడు. ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినిపించి చాలా రోజులైంది. బొంగరం మంచినీళ్లు తెచ్చి బామ్మకు ఇచ్చింది. క్షమించమని అడుగుదామనుకుంది. కానీ దేనికని ఆమె అడిగితే, కన్ను మూసి చూపించానని చెప్పాలి. గ్లాసు తిరిగి ఇస్తూ బామ్మే అంది, ఆరోజు నువ్వు బాగానే చెప్పావమ్మా, కాకపోతే బస్సు వెళ్లిపోతున్నట్టు చెప్పావు అని.

నాన్న మళ్లీ క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టాడు. వైరింగ్ పనని ఇప్పుడు అనలేదు. తల దువ్వుకుని వెళ్లిపోయేవాడు.

ఆ సాయంత్రాలే బొంగరానికి గండాలయ్యాయి. ఇంట్లో ఉండబుద్ధి కాదు, బడికి పోకూడదు. పుస్తకం తెరిస్తే ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివేది. చెప్పులు వేసుకుని వీధిలో పడేది. ఒకరోజు కాళ్లు ఆమె మాట వినకుండా బడి వెనక సందులోకి తీసుకెళ్లాయి. అటువైపు కిటికీ ఆమె తలకంటే ఎత్తున ఉంది. లోపల నాన్న గొంతు చదువుతోంది. బావి అన్నాడు. బావిలో అన్నాడు. ఆ తర్వాత ఆగిపోయాడు.

"నీ... నీళ..."

లోపల ఎవరూ అందించలేదు. బల్ల మీద ఎవరిదో బలపం దొర్లిన చప్పుడు. నాన్న మళ్లీ మొదటికి వెళ్లి బావిలో అని, మళ్లీ అక్కడే ఆగాడు. బొంగరం పెదవులు ఆ మాటను పూర్తిచేయడానికి విచ్చుకున్నాయి. ఒక్క మాట, మెల్లగా అంటే చాలు, ఆయన గట్టెక్కుతాడు. నిదానం ఇంకా చెప్పడేం? ఆమె ఒంట్లో ప్రతి నరమూ చెప్పెయ్యమని గుంజుతోంది. పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పక్కనుంచి గబగబా నడిచి సందు దాటి వచ్చేసింది. ఆ మాట ఆయన చదివాడో లేదో వినలేదు.

బస్టాపులో కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. క్లాసు వదిలాక అటుగా వచ్చిన నాన్న ఆమెను చూసి ఆగాడు. ఇక్కడేం చేస్తున్నావని అడగలేదు. ఇద్దరూ ఇంటివైపు నడిచారు. మలుపు దాటారు.

"ఇవాళ ఒత్తులు మొదలుపెట్టారు" అన్నాడు ఉన్నట్టుండి. "అక్షరం కింద ఇంకో అక్షరాన్ని వేలాడదీయాలని ఎవడికి పుట్టిందో ఆ బుద్ధి. ఒక్కటి చదవడానికే ప్రాణం పోతుంటే."

ఆమె నోటిదాకా చాలా వచ్చాయి. సూత్రం ఒకటి, తేలిక ఉపాయం ఒకటి, రేపు పొద్దునే చూపిస్తానన్న మాట ఒకటి. అన్నిటినీ మింగింది.

"ఒత్తులంటే నాకు చిన్నప్పుడు ఏడుపొచ్చేది" అంది.

"నీకా? నువ్వు ఏడ్చినట్టు నాకు తెలీదే."

"నువ్వు పనిలో ఉండేవాడివి నాన్నా. అమ్మ ముందు ఏడ్చేదాన్ని."

ఆయన తల ఊపాడు. బామ్మకు ఇవాళ్టి ఒత్తులు తనకంటే ముందే వచ్చేశాయనీ, అందుకు ఆవిడ సంబరం ఇంతా అంతా కాదనీ చెప్పాడు. చెబుతూ నవ్వాడు. ఆయన అడుగులు చిన్నవి, రోజంతా నిచ్చెనలెక్కిన కాళ్లు. బొంగరం తెలియకుండానే ముందుకు వెళ్లిపోయేది, గుర్తొచ్చి ఆగేది, ఆయన వచ్చి కలిశాక మళ్లీ బయల్దేరేది. ఇల్లు చేరేదాకా అలాగే నడిచారు.