మిడిల్ పాయింట్ మలుపులో కాళమ్మ కేక

ఆటోల రేసును పార్కులోంచి బజారు రోడ్ల మీదికి మారుస్తామని ఆటోడ్రైవర్ల సంఘంవాళ్లు అన్నప్పుడు అందరికంటే ఎక్కువ మండిపడ్డవాణ్ణి నేను. ఆరేళ్లుగా ప్రతి గణతంత్ర దినోత్సవం నాడూ పార్కులో బాదం చెట్టు నీడన కుర్చీ వేయించుకుని, ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో పచ్చజెండా పట్టుకుని దర్జాగా రేసు నడిపించినవాణ్ణి. ఆటోలు గడ్డి మీద గుండ్రంగా తిరిగేవి. పెద్దగా దుమ్ము లేచేది కాదు, ఎవరికీ దెబ్బలు తగిలేవి కావు. అలాంటి సుఖాన్ని చేజేతులా ఎవరు వదులుకుంటారు?

వదులుకోక తప్పలేదు. ఆ ఏడు, అంటే ఎనభై తొమ్మిదిలో, ఫౌంటెన్ కడతామని పార్కంతా తవ్విపోశారు. జనవరి వచ్చినా ఆ గోతులు అలాగే ఉన్నాయి. "ఒక్క ఏడు రేసు లేకపోతే కొంపలేం మునగవు" అన్నాను. నా మాట ఎవరికి లెక్క! నేను ఈ దీవి హార్బర్ ఆఫీసులో గుమస్తాను, పేరు జీవానందం, ఆటో తోలడం రాదు. తెలుగులోనూ హిందీలోనూ గొంతు చించుకుని అరవగలనని నన్ను పెట్టుకున్నారు, అంతే.

మీటింగు ఫీనిక్స్ బే జెట్టీ పక్కనున్న ఆటో స్టాండులో, రేకుల షెడ్డు కింద జరిగింది. సంఘం కార్యదర్శి సుందర్‌రాజ్ మా చర్చివాడే. ఆదివారం తెలుగు ఆరాధనలో ముందు బెంచీ మీద కూర్చుని కిక్కురుమనడు. ఇక్కడ మాత్రం ఇంకొకర్ని మాట్లాడనివ్వడు.

"బోలో భాయ్, జల్దీ చెప్పండి. రేసు ఎక్కడ పెడదాం?" అన్నాడు.

తలా ఒక రోడ్డు పేరు చెప్పారు. అన్నిటికీ ఏదో ఒక వంక దొరికింది. అప్పుడు నూకన్న లేచి నిలబడ్డాడు. మిన్నీ బే జాలర్ల ఇంటివాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. మీటింగుల్లో అతను నోరు విప్పగా నేనెన్నడూ చూడలేదు.

"జెట్టీ కాడ బయల్దేరదాం భయ్యా. ఎత్తెక్కి, బజార్లోంచి పోయి, మిడిల్ పాయింట్ మలుపు తిరిగి, మల్లీ జెట్టీకి దిగిపోదాం. మూడు సుట్లు" అన్నాడు.

"పాగల్ హై క్యా? ఆ మలుపు ఎంత ఇరుకో తెలుసా? చేపలమ్మేవాళ్లంతా అక్కడే కూర్చుంటారు" అన్నాడు సుందర్‌రాజ్.

"గోడవారకి కూకుంటారు గదా. ఆల్లకేటీ అవదు. కూకున్న కాడ్నించే సూస్తారు కూడాను."

ఆఖరి మాట అంటున్నప్పుడు అతని గొంతు సన్నబడింది. మిగతావాళ్లకు అర్థం కాలేదు కానీ నాకు అర్థమైంది. చేతులెత్తమన్నారు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. అందరూ నా వైపు చూశారు. నా కుర్చీని, నా బాదం చెట్టు నీడని తలుచుకుని, నన్ను నేను తిట్టుకుంటూ నూకన్న వైపు చెయ్యెత్తాను.

ఆ మలుపులో గోడవారన చేపలమ్మేవాళ్లలో నూకన్న తల్లి కాళమ్మ ఉంది. ఆమె మొగుడు అప్పలరాముడు యాభైల్లో సర్కారువాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవికి తీసుకొచ్చిన జాలర్లలో ఒకడు. ఓడ దిగిన నాటి నుంచీ సముద్రమే వాళ్ల బతుకు. మూడేళ్ల కిందట అప్పలరాముడు జ్వరంతో పోయాడు. నెల తిరక్కుండానే నూకన్న పడవని పక్కింటి యర్రయ్యకి అమ్మేసి ఆటో కొన్నాడు.

ఆనాటి నుంచీ కాళమ్మ కొడుకుతో మాట్లాడటం మానేసింది. ఉండేది ఒక్క ఇంట్లోనే. అన్నం వండి, గోడకేసి చూసి, "ఆటోవాలా తింటాడేమో, కూడక్కడుంది" అంటుంది. రోజూ పొద్దున్నే ఒడ్డుకి వెళ్లి, మొగుడి పడవలోంచి యర్రయ్య దించిన చేపల్నే కొనుక్కుని, గంప నెత్తికెత్తుకుని మిడిల్ పాయింట్ దాకా నడుస్తుంది. వెనకాలే నూకన్న ఆటోని నత్తనడకన నడుపుతూ వచ్చేవాడు, ఎక్కుతుందేమోనని. ఆమె తల తిప్పేది కాదు. ఒకసారి వాన దంచి కొడుతుంటే చెయ్యి చాపి ఆటో ఆపింది, నూకన్నది కాదు, ఆ వెనక వస్తున్న ఇంకొకడిది. ఆ సంగతి చెప్పుకుని స్టాండులో వారం రోజులు నవ్వుకున్నారు. నూకన్న కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. 

పార్కులో జరిగిన రేసుల్లో గత రెండేళ్లూ నూకన్నే గెలిచాడు. రెండుసార్లూ షీల్డు తెచ్చి ఇంట్లో పెట్టాడు. కాళమ్మ రేసు చూడ్డానికి రాలేదు, షీల్డు వైపూ చూడలేదు. గంప వదిలి పార్కుకి ఆవిడెందుకు వస్తుంది? అందుకే రేసునే ఆమె దగ్గరికి తీసుకువెళ్లాలనుకున్నాడు. తల్లి కళ్లముందు ఒక్కసారి గెలిస్తే ఆమె నోటంట ఒక్క మాటైనా వస్తుందని వాడి ఆశ.

రేసుకి ముందురోజు చేపలు కొనడానికి వెళ్లినప్పుడు ఆ మాటే ఎత్తాను.

"రేపు ఈ మలుపులోంచే ఆటోల రేసు కాళమ్మా. మీవాడు కూడా ఉన్నాడు."

"నాకు ఆటోవాలా కొడుకుల్లేరు బాబూ. వంజరం ఉంది, కవళ్లున్నాయి. ఏటి కావాల?"

"మూడేళ్లయింది. ఇంకెన్నాళ్లు?"

ఆమె కత్తిపీట ముందుకి లాక్కుంది. చేప పొలుసు గీకడం మొదలెట్టింది. "ఆ రోజు గుమ్మంలో ఇలాగే కూకుని సేప కోస్తన్నాను. నా ముందునుంచే యర్రయ్యని ఎంటబెట్టుకుని ఒడ్డుకెల్లాడు. ఆల్లయ్య పడవ బాబూ. అమ్మకురా అని నేను సెప్పాలేటి? తల్లి మనసు ఆడికి తెలీదా?" అంది. తరవాత నా చేపల్ని ఆకులో చుట్టి ఇచ్చేసి, వేరే బేరంలో పడిపోయింది.

కాళమ్మ గురించి ఇంకొక్క మాట చెప్పాలి. ఆమె ముప్పై ఏళ్లుగా ఆ బజార్లో చేపలు అమ్ముతూ హిందీ ముక్క నోట పట్టనివ్వలేదు. బెంగాలీవాడొచ్చినా, మలయాళీవాడొచ్చినా, ఆఫీసరుగారి భార్య వచ్చినా తెలుగే. వాళ్లే వంజరమనీ సొరచేపనీ నేర్చుకుని చచ్చినట్టు తెలుగులో బేరమాడేవారు. నా భార్య దయావతి ఆమెకి హిందీ నేర్పుతానని ఒకసారి కూర్చోబెట్టింది కూడా. గంటలో దయావతికి శ్రీకాకుళం యాస వచ్చింది కానీ, కాళమ్మకి హిందీ రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం నన్ను ఆ మలుపులోనే నిలబెట్టారు. నీడ లేదు, కుర్చీ లేదు. టీ మాత్రం ఉంది, కాళమ్మ పక్కనే టీకొట్టు కాబట్టి. రోడ్డుకి రెండు వైపులా జనం. అంతమంది పార్కుకి ఏనాడూ రాలేదు. మేడల మీద నుంచి, షాపుల మెట్ల మీద నుంచి, ఆఫీసు కిటికీల్లోంచి చూస్తున్నారు. రేసు బజార్లోకి వస్తే బావుంటుందని ఒప్పుకోవడానికి నా మనసు ఒప్పలేదు కానీ, బాగానే ఉంది.

పదకొండు ఆటోలు బయల్దేరాయని జెట్టీ వైపు నుంచి ఈల వినబడింది. కాసేపటికి ఎత్తెక్కి రొద చేసుకుంటూ వచ్చాయి. మొదటి చుట్టులో నూకన్న నాలుగో వాడు. మలుపు తిరుగుతూ గోడ వైపు చూశాడు. కాళమ్మ రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని గంపలో చేపల మీద నీళ్లు చల్లుకుంటోంది.

రెండో చుట్టుకి నూకన్న రెండో స్థానానికి వచ్చాడు. టీకొట్టు భాయ్ బల్ల మీదకెక్కి, "ఆగే! ఆగే బఢో నూకన్నా!" అని కేకలు పెడుతున్నాడు. చుట్టుపక్కల వాళ్లూ అందుకున్నారు. "ఆగే! ఆగే!" అని మలుపంతా మారుమోగింది. కాళమ్మ మెల్లిగా ఇటు తిరిగి కూర్చుంది. ఆటో వెళ్లిన వైపు చూస్తూ చేతిలో చెంబు కింద పెట్టడం మరిచిపోయింది.

"ఆ కేకలకి అర్థమేటి బాబూ?" అని నన్నడిగింది.

"ముందుకెళ్లమని" అన్నాను.

మూడో చుట్టు. ఎత్తు మీద ముందుగా కనబడ్డ ఆటో నూకన్నదే. వెనకవాడికీ అతనికీ మధ్య మూడు నాలుగు ఆటోలు పట్టేంత ఎడముంది. ఇక మలుపు తిరిగితే జెట్టీ దాకా దిగుడే. గెలిచేశాడనుకుని నేను జెండా అడ్డదిడ్డంగా ఊపేశాను. కాళమ్మ లేచి నిలబడింది. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని రెండడుగులు ముందుకొచ్చింది. చేపలమ్మే గొంతు కదా, ఎంత రొదలోనైనా వినబడుతుంది.

"ఆగే! ఆగే! నూకన్నా, ఆగే!"

ఆటో కీచుమంటూ ఆగిపోయింది. సరిగ్గా మలుపులో, నా ముందు.

జనం గోల ఒక్కసారిగా ఆగింది. మళ్లీ అంతకు రెట్టింపు లేచింది. "అరే చల్ భాయ్! క్యా హువా?" అని అరుస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, వెనకాల ఆటోలన్నీ అతని పక్కనుంచి దూసుకుపోయాయి. నూకన్న వాటి వైపు చూడనైనా లేదు. దిగి, ఒక్క పరుగున తల్లి దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏటయిందమ్మా? ఏటయింది? పడిపోనావా?"

"నాకేటవుద్ది! నువ్వెందుకాగిపోనావురా?"

"నువ్వే గదా ఆగేయ్ అన్నావు."

"ఆగేయ్ అని నానెందుకంతాన్రా? ఆగే అన్నాను! ఆగే! ముందుకెల్లమని! ఈ టీకొట్టు బాయి అన్నాడు, అందరూ అన్నారు, నానూ అన్నాను. హిందీరా, ఎర్రోడా!"

నూకన్న నోరు తెరుచుకుని చూశాడు. "నీకు హిందీ ఎప్పుడొచ్చిందమ్మా?"

"ఇప్పుడే వచ్చింది!"

తెలుగు తెలిసినవాళ్లం పగలబడి నవ్వాం. టీకొట్టు భాయ్‌కి సంగతి హిందీలో చెప్పేసరికి అతను బల్ల మీదే చతికిలబడి నవ్వాడు. నూకన్న కూడా నవ్వాడు. కాళమ్మ మాత్రం నవ్వలేదు. ఆటోలు దిగిపోయిన వైపు చూసి, తన నోటి మీద తనే కొట్టుకుంది.

"గెలిసేసినోడివిరా. నా నోరే నీకడ్డమైపోనాది."

నూకన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "పోన్లేమ్మా. ఆ రోజు కూడా ఇలాగే ఒక్క కేకెయ్యవలసింది."

ఏ రోజని ఆమె అడగలేదు.

"నువ్వు తలెత్తుతావేమోనని యర్రయ్యని ఒడ్డున నిలబెట్టి, రెండుసార్లు గుమ్మం ముందుకొచ్చి ఎల్లానమ్మా. దగ్గాను కూడా. నువ్వు ఆగమంటే ఆగిపోదును. నువ్వేటీ అన్లేదు. నీకిష్టమేననుకుని ఎల్లిపోనాను."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మూడేళ్లుగా ఆ తల్లి నోరు విప్పకపోవడం కోపం వల్లనే అనుకున్నాను. అసలు విప్పవలసిన రోజున విప్పలేదన్న సంగతి నాకు తట్టనే లేదు, ఆమెకీ తట్టలేదు. ఆ దగ్గు ఆమె వినే ఉంటుంది. కాళమ్మ కొడుకు మొహంలోకి చూసింది. కళ్ల నీళ్లు చేపనీళ్ల చేతుల్తోనే తుడుచుకుంది.

"నీకు తెలుసుననుకున్నాన్రా" అంది చివరికి.

"తెలీలేదమ్మా."

ఆమె వంగి గంప సర్దుకుంది. అమ్ముడుపోని చేపలు అయిదారున్నాయి. వాటి మీద గోనెపట్టా కప్పి, గంప ఎత్తి, నడిచి వెళ్లి ఆటో వెనక సీటులో తనే పెట్టుకుంది. పక్కన కూర్చుంది. ఎటు పట్టుకోవాలో తెలియక ఒక చేత్తో కడ్డీని, ఒక చేత్తో గంపని పట్టుకుంది. రేసులో ఉన్న ఆటోలో మనిషిని ఎక్కించకూడదని రూలు. ఆ రూలు రాసింది నేనే. జెండా చుట్టేసి చంకలో పెట్టుకున్నాను.

"బాబూ, ఆటోవాలా జెట్టీకి ఎల్లాలంటాడా, ఇంటికా?" అని కాళమ్మ నన్నే అడిగింది. అలవాటు కొద్దీ అడిగినట్టుంది. అడిగాక తనే నాలిక్కరుచుకుని, ముందుకి వంగి, నూకన్న భుజం మీద తట్టింది.

"ఇంటికి పోదాం రా, నూకయ్యా. పొద్దున్న కూడు కూడా తిన్లేదు నువ్వు."

నూకన్న తల వెనక్కి తిప్పలేదు. భుజాలు మాత్రం ఒకసారి ఎగిరిపడ్డాయి. ఆటోని మిన్నీ బే వైపు తిప్పుకుని నిదానంగా వెళ్లిపోయాడు.

నేను జెట్టీ దగ్గరికి దిగేసరికి సుందర్‌రాజ్ షీల్డు చేతిలో పట్టుకుని, ఆటోల్ని రెండోసారి లెక్కపెడుతున్నాడు. "పదకొండోది ఏదీ జీవానందం భయ్యా? నూకన్న ఎక్కడ? బ్రేకు ఫెయిలయిందా?"

"లేదు. వాళ్లమ్మ పిలిచింది" అన్నాను.